స్టోరేజీ నెట్‌వర్కింగ్ – 6వ పాఠం: ఫైర్‌వాల్ చిట్టా నిండితే

పోయిన పాఠంలో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా వస్తే పెద్ద ప్యాకెట్లు ఎలా మాయమవుతాయో చూశాం. ఈసారి ప్యాకెట్ సైజుతో పనిలేదు. కొత్త కనెక్షన్ అయితే చాలు, పోతుంది.

సెఫ్ క్లస్టర్‌నే తీసుకోండి (చాలా సర్వర్ల డిస్కులను కలిపి ఒకే స్టోరేజీగా నడిపే సాఫ్ట్‌వేర్ సెఫ్). ఒక సర్వర్‌లోని ఓఎస్‌డీలు (ఒక్కో డిస్కును చూసుకునే ప్రోగ్రాములు) ఒక్కొక్కటే ‘డౌన్’ అవుతాయి, కాసేపటికి వాటంతటవే లేస్తాయి. డిస్కులు బాగున్నాయి, కేబుళ్లూ బాగున్నాయి. మీరు ముందే తెరిచిన ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే) సెషన్ చక్కగా నడుస్తోంది. రెండోది తెరవబోతే మాత్రం కదలదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

లినక్స్ ఫైర్‌వాల్ వెనక కాన్‌ట్రాక్ అనే చిట్టా ఉంటుంది. ప్రతి కనెక్షన్‌కీ అందులో ఒక పద్దు. చిట్టా నిండితే నిలదొక్కుకున్న పాతవాటి జోలికి పోదు, కొత్తగా వచ్చినవాళ్ల ప్యాకెట్లు పారేస్తుంది. సెఫ్‌లో ఓఎస్‌డీలు తోటివాటితో, క్లయింట్లతో విడివిడిగా మాట్లాడతాయి, హార్ట్‌బీట్లకు (‘బతికే ఉన్నా’ అని చెప్పే సందేశాలకు) మళ్లీ వేరే కనెక్షన్లు. 20 సెకన్లు హార్ట్‌బీట్ అందకపోతే తోటివి మానిటర్‌కి (క్లస్టర్ స్థితిని చూసుకునే ప్రోగ్రామ్‌కి) ఫిర్యాదు చేస్తాయి. పైగా స్థిరపడిన టీసీపీ పద్దుకి డీఫాల్ట్ ఆయుష్షు 4,32,000 సెకన్లు, అంటే అక్షరాలా 5 రోజులు!

ముందు డీమెస్గ్ (కెర్నల్ సందేశాల లాగ్) చూడండి. ‘టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’ అన్న లైను కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ సర్వర్ నుంచే పింగ్ కొడితే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అనవచ్చు. రూట్‌గా ఉన్నా ఇదేంటని పర్మిషన్ల మీద పడకండి. తర్వాత కాన్‌ట్రాక్ కౌంట్ (ఇప్పుడున్న పద్దులు), మ్యాక్స్ (గరిష్ఠంగా పట్టే పద్దులు) అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు కాదు, రికవరీ (ఓఎస్‌డీ పడి లేచాక డేటాను మళ్లీ సర్దుకోవడం) నడుస్తున్నప్పుడు చూడాలి.

మ్యాక్స్‌ని సిస్‌కంట్రోల్‌తో (కెర్నల్ సెట్టింగులు మార్చే కమాండ్‌తో) పెంచితే వెంటనే ఊపిరాడుతుంది. రీబూట్ తర్వాత మళ్లీ పాత అంకే కనిపించిందా? సెట్టింగ్ చదివే వేళకి కాన్‌ట్రాక్ మాడ్యూల్ ఇంకా లోడ్ కాలేదేమో చూడండి. దాన్ని బూట్‌లో ముందే లోడ్ చేయించాలి.

నా మొగ్గు మాత్రం రెండో దారికే: స్టోరేజీ పోర్టులను నోట్రాక్ చేసేయడం, అంటే వాటికి చిట్టాలో పద్దే రాయకుండా వదిలేయడం. మానిటర్లకు 3300, 6789, ఓఎస్‌డీలకు 6800 నుంచి పైకి. అందరూ తెలిసినవాళ్లే ఉన్న ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఈ పద్దులెందుకు? కాకపోతే చిట్టాలో ఉన్న కనెక్షన్లను రానిచ్చే ‘ఎస్టాబ్లిష్డ్’ రూలు ఆ ప్యాకెట్లకు ఇక పనిచేయదు. రానూ పోనూ అనుమతి విడిగా రాయాలి. అది మరిచిపోయి నేనొకసారి క్లస్టర్ మొత్తాన్ని మూగబోయేలా చేశాను. అందుకే ఆ రూళ్లకు వచ్చే పాఠం మొత్తం కేటాయిస్తున్నా.

ఈలోగా టెస్ట్ సర్వర్ ఒకదాంట్లో మ్యాక్స్‌ని కౌంట్ కంటే కాస్త పైకి మాత్రమే ఉంచి, వరుసగా కొత్త కనెక్షన్లు తెరిచి చూడండి. ఎస్ఎస్‌హెచ్ నుంచి కాదు, కన్సోల్ దగ్గర కూర్చుని.