కొట్టిన కుక్కను మళ్ళీ మచ్చిక చేసుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునున్న మా ఇంట్లో, అరుగు మీద ఆరబెట్టిన ఎండుచేపలు తిన్నదని ఒకసారి మా కుక్కను చీపురుతో కొట్టాను. సాయంత్రానికి అదే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. అది అంత త్వరగా మరిచినా, అన్ని కుక్కలూ అలా మరవవు.

మీ వల్ల ఇలాంటి పొరపాటు జరిగితే, ముందు మీ కోపం చల్లారాక, కొంచెం దూరంలో పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, కళ్ళలోకి సూటిగా చూడకుండా, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచి, దానంతట అది వచ్చేవరకు ఓపిక పట్టండి. నిద్రవేళ కాకున్నా ఆవులించడం, పదేపదే పెదవులు నాకుకోవడం, తోకను కాళ్ళ మధ్య ముడుచుకోవడం కనిపిస్తే అది ఇంకా బెదురుతోందని గ్రహించండి. చేతిని వాసన చూశాక, తల మీద కాకుండా ఛాతీ దగ్గర మెల్లగా నిమరండి.

తల వంచుకున్నంత మాత్రాన అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, కుక్క తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే తప్పు చేసినట్టున్న ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. కాబట్టి గంట గడిచాక దండిస్తే, ఎందుకో దానికి తెలియదు.

తిండి, నడక ఎప్పటి వేళకే సాగనివ్వండి. ఎండుచేపలను మాత్రం ఈసారి దానికి అందనంత ఎత్తున దండెం మీద ఆరవేయండి.