రోల్ లామినేషన్‌లో మసక, వంపు: సరిచేసిన తీరు (నా అనుభవం)

రోల్ లామినేషన్ అంటే ప్రింటైన పేపర్ మీద ప్లాస్టిక్ ఫిల్మ్‌ని వేడి రోలర్లతో అతికించడం. విజయనగరంలో పైడితల్లి పండగ ముందు పోస్టర్ల పని ఎక్కువ, గాలిలో చెమ్మా ఎక్కువే. 170 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఆర్ట్ పేపర్ మీద 25 మైక్రాన్ల మందం గ్లాసీ (మెరిసే) ఫిల్మ్ వేస్తుంటే ముదురు రంగుల మీద వెండిపొడి చల్లినట్టు మసక వచ్చింది. పైగా షీటు ఫిల్మ్ వైపు చుట్టుకుపోయింది.

ముందు ఫిల్మ్ ఎక్కించిన తీరు చూశాను. మెరిసే వైపే వేడి రోలర్‌కి తగలాలి. తిరగేస్తే జిగురంతా రోలర్‌కే అంటుకుంటుంది. అది సరిగ్గానే ఉంది. మసకకి కారణం వేడి చాలకపోవడం. 95 డిగ్రీల నుంచి ఐదేసి చొప్పున 105కి పెంచి, వేగం తగ్గించాను. ప్యానెల్‌లో అంకె వచ్చినా రోలర్లని ఖాళీగా పది నిమిషాలు తిప్పాలి, రబ్బరు అంతటా కాగాలి. ఇంకా పెంచితే ఫిల్మ్ అలలు తేలుతుంది. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ప్రింటైన షీటైతే సిరా ఒక రోజు ఆరనివ్వాలి.

వంపు మాత్రం ఫిల్మ్ రోల్‌ని బిగువుగా పట్టి ఉంచే బ్రేకు వల్లే. సాగిన ఫిల్మ్ చల్లారి ముడుచుకుంటుంది. ముడతలు మొదలయ్యేదాకా బ్రేకు వదులు చేసి, కొద్దిగా బిగిస్తే చాలు. పేపర్ కట్టలు విప్పి ఉంచకండి, చెమ్మ పీల్చేస్తాయి.

ఫిల్మ్ బాగా అతుక్కుందో లేదో చూడాలంటే బ్లేడుతో అడ్డగీత గీసి లాగండి. ఫిల్మ్‌తోపాటు సిరా ఊడి రావాలి. పని అయ్యాక రోలర్ల మధ్య ప్రెషర్ ఎత్తేయండి, లేకపోతే రబ్బరు ఒకచోట అణిగిపోతుంది.