కోతి వీడియో కనిపిస్తే ఏం చూడాలి, ఏం చేయాలి

గౌను తొడిగిన కోతిపిల్ల, నడుముకు డైపర్, చేతిలో పాలసీసా. కెమెరా వైపు తిరిగి పళ్లన్నీ బయటపెడుతుంది. కింద "ఎంత ముద్దుగా నవ్వుతోందో" అని కామెంట్లు. మకాక్ జాతి కోతి (మన ఊళ్లలో తిరిగే కోతులూ ఈ రకమే) పెదవులు వెనక్కి లాగి, పై పళ్లూ కింది పళ్లూ కలిపి చూపిస్తోందంటే భయపడుతోందని, "నన్నేమీ చేయకు" అని లొంగిపోతోందని అర్థం. ఇది తెలిశాక ఇలాంటి వీడియోలు మునుపటిలా చూడలేం.

వీటిలో చాలాభాగం ఆగ్నేయాసియావి, ముఖ్యంగా ఇండోనేషియా, కంబోడియాలవి. వాటిలో కనిపించేవి ఎక్కువగా పొడవుతోక మకాక్‌లు, పందితోక మకాక్‌లు. పొడవుతోక మకాక్‌లనూ, ఇండోనేషియాలో ఉండే పందితోక మకాక్‌లనూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2022లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్ల చుట్టూ తిరిగే అడవి కోతులను యూట్యూబర్లు వీడియోల కోసం హింసిస్తున్నారని 2024లో అక్కడి అధికారులు చర్యలకు దిగారు. డబ్బిచ్చి కోతిపిల్లలను హింసింపజేసి వీడియోలు తీయించుకునే ముఠాల గురించి 2023లో బీబీసీ పరిశోధన బయటపెట్టింది. చూసేవాళ్లూ డబ్బిచ్చేవాళ్లూ ఒక దేశంలో, కోతి ఇంకో దేశంలో. ఆ వీడియోలు మన ఫోన్లలోకీ వస్తాయి. చివరిదాకా చూసిన ప్రతిసారీ ఆ ఛానల్‌కు మనం కూలి కట్టినట్టే.

మొదట ఏ కోతో గుర్తుపట్టాలి. ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలో దాన్నిబట్టే తేలుతుంది. మన దగ్గర ఉండేవి ప్రధానంగా రెండు. బోనెట్ కోతికి నెత్తిమీద మధ్యపాపిడి తీసినట్టు జుట్టు చుట్టూ పరుచుకుని ఉంటుంది, తోక ఒంటికంటే పొడవు. రీసస్ కోతికి ఆ జుట్టు ఉండదు, తోక ఒంటిలో సగం, నడుము కింద బొచ్చు ఎర్రటి ఛాయలో ఉంటుంది. బుగ్గల మీద మీసకట్టులా వెంట్రుకలు, నెత్తిన కొద్దిగా నిక్కిన జుట్టు, చాలా పొడవాటి తోక ఉంటే అది పొడవుతోక మకాక్. పొట్టిగా వంకర తిరిగిన తోక ఉంటే పందితోకది. ఈ రెండూ కనిపిస్తే వీడియో మన ఊళ్లది కాదనే అనుకోవచ్చు.

తర్వాత వయసు. పొడవుతోక మకాక్ పిల్ల పుట్టినప్పుడు నల్లగా ఉంటుంది, కొన్ని వారాలు గడిచాక బొచ్చు రంగు మారుతుంది. ఒళ్లంతా నల్లబొచ్చుతో, ముడతలు పడ్డ లేతమొహంతో ఉన్న పిల్ల మనిషి చేతిలో కనిపించిందంటే తల్లి పొట్ట మీద ఉండాల్సిన రోజుల్లోనే దాన్ని లాగేశారని తెలుస్తుంది. ఏ తల్లికోతీ పిల్లను ఊరికే వదలదు. చంపో, కొట్టి తరిమో తీసుకుంటారు. కాబట్టి వీడియోలో ఒక పిల్ల కనిపిస్తే ఆ వీడియోలో లేని తల్లిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు ఒళ్లు చూడాలి. తొందరపడకుండా, ఒక్కోచోట ఆపుతూ.

చేతులు: తన ఒంటిని తానే గట్టిగా కౌగిలించుకుని కూర్చోవడం, ముందుకూ వెనక్కూ ఊగడం, బొటనవేలో కాలివేలో తోకో చప్పరించడం, బొచ్చు పీక్కోవడం. పట్టుకోవడానికి తల్లి లేని పిల్ల చేసే పనులివి. బొమ్మను కరుచుకుని వదలకపోతే అది ఆట కాదు. కాళ్లు: విల్లులా వంగిన కాళ్లు, ఉబ్బిన మణికట్లు, ఎగరలేకపోవడం. ఎండ తగలని గదిలో పెరిగి, అన్నం, బిస్కెట్లు, తీపి పాలు తింటే కాల్షియం, డి విటమిన్ అందక ఎముకలు మెత్తబడతాయి. మెడ, నడుము: గొలుసో తాడో ఉన్నచోట బొచ్చు రాలి చర్మం ఎర్రబడిందేమో చూడాలి. చిన్నప్పుడు కట్టిన పట్టీని పిల్ల పెరిగినా వదులు చేయకపోతే మాంసంలోకి దిగుతుంది. డైపర్ కింద తోక మొదట్లో పుండ్లు పడతాయి, అందుకే ఆ భాగం వీడియోలో చూపించరు. నోరు: పెద్ద మగకోతికి కోరపళ్లు లేకపోతే పీకేసి ఉండవచ్చు.

పాలు పట్టే తీరు కూడా చూడాలి. మనిషి పిల్లను పడుకోబెట్టినట్టు కోతిపిల్లను వెల్లకిలా పడుకోబెట్టి సీసా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. తల్లి దగ్గర అది పొట్టకు కరుచుకుని, తల పైకెత్తి తాగుతుంది.

రెండు కాళ్ల మీద నిలబడి నడిచే కోతి చాలామందికి నచ్చుతుంది. ఆ నడక తనంతట తాను నేర్చుకునేది కాదు. ఇండోనేషియాలో కోతికి ముసుగేసి ఆడించే టోపెంగ్ మొన్యెట్ ఆటకు శిక్షణ ఇలాగే ఇచ్చేవాళ్లు: చేతులు వెనక్కి విరిచికట్టి, మెడగొలుసును పైకి బిగించి, కూర్చుంటే ఊపిరాడనట్టు చేస్తే కోతి నిలబడటం నేర్చుకుంటుంది. 2013లో జకార్తా ఆ ఆటను వీధుల్లోంచి తీసేసింది. ఆ నడక వీడియోల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

శబ్దం పెట్టి ఒకసారి వినండి. అసలు గొంతు తీసేసి పాట వేసి ఉంటే నోరు గమనించండి. పాట నడుస్తుండగా నోరు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటుంటే అది అరుస్తోంది. ఇది ఒక్కటే రుజువు కాదు, మిగతా గుర్తులతో కలిపి చూడాలి. పెదవులు చప్పుడయ్యేలా టపటపలాడించడం స్నేహంగా ఉన్నప్పుడు చేసే పని. నోరు గుండ్రంగా తెరిచి రెప్ప వేయకుండా చూడటం బెదిరింపు. మాటిమాటికీ ఆవలించడం నిద్ర వచ్చి కాదు, ఒత్తిడి.

"కాపాడాం" అనే వీడియోలు వేరే రకం. కొండచిలువ చుట్టుకున్న కోతిపిల్ల, బురదగుంటలో పడ్డ పిల్ల, ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చిన మనిషి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రమాదం మొదలవకముందే కెమెరా అక్కడెలా ఉంది? ఒకే సంఘటన రెండు మూడు కోణాల్లో ఎలా వచ్చింది? అదే గుంట, అదే చెట్టు, అదే మనిషి ఆ ఛానల్‌లో ఇంకెన్ని వీడియోల్లో ఉన్నారు? నీరసంగా చుట్టుకున్న పామునూ తెచ్చి పెట్టే ఉంటారు, హింస దానికీ తప్పదు. ఇలాంటి నాటకాలను నిషేధిస్తామని యూట్యూబ్ 2021లో ప్రకటించింది. కాబట్టి వీటిమీద రిపోర్ట్ చేస్తే అడగడానికి వాళ్ల నిబంధనే ఉంది.

అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఛానల్‌లో పాత వీడియోలకు వెళ్లడం. మూడేళ్ల కిందటి వీడియోలోని పిల్ల ఇప్పుడెక్కడ? కోతి నాలుగైదేళ్లకు ఎదిగి కరుస్తుంది, ఎవరి మాటా వినదు. మనిషి దగ్గర పాతికేళ్లకు పైగా బతకగలదు. ఛానల్‌లో మాత్రం ఎప్పుడూ చంటిపిల్లే ఉంటుంది, పేరు కూడా అదే. చెవి అంచు, ముక్కుమీది మచ్చ, కనుబొమ్మల గీత పోల్చి చూస్తే పిల్ల మారిందని తెలిసిపోతుంది.

నిజమైన సంరక్షణ కేంద్రాల్లో కూడా అనాథ పిల్లలకు సీసాతో పాలు పడతారు, పట్టుకోవడానికి మెత్తటి బొమ్మ ఇస్తారు. అక్కడ గౌన్లు ఉండవు, పుట్టినరోజు కేకులు ఉండవు, కొన్నాళ్లకు ఆ పిల్ల ఇతర కోతుల మధ్య కనిపిస్తుంది. తొందరపడి వాళ్ల మీద రిపోర్ట్ చేయొద్దు. ఈ మధ్య ఏఐతో తయారైన కోతి వీడియోలు కూడా తెగ తిరుగుతున్నాయి. వాటిలో కోతికి బాధ లేదు గానీ, ఇంట్లో కోతిని పెంచొచ్చనే ఆశ మాత్రం పుడుతుంది.

అనుమానం గట్టిపడితే ముందు చేయకూడని పనులు. తిడుతూ కామెంట్ పెట్టొద్దు. కోపం గుర్తు కొట్టినా, డిస్‌లైక్ నొక్కినా అది స్పందనగానే లెక్కలోకి వెళ్లి వీడియో ఇంకొందరి ముందుకు వెళ్లొచ్చు. "చూడండి ఎంత దారుణమో" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆ లింకే వ్యూస్ పెంచుతుంది. మొత్తం చూడొద్దు, గుర్తులు దొరికిన చోట ఆపేయండి. హింస ముఠాల గ్రూపుల్లో ఆనవాళ్లు పట్టుకుంటామని చేరొద్దు, ఆ వీడియోలు దాచుకోవద్దు.

తర్వాత చేయాల్సినవి, ఈ వరసలోనే:

1. వీడియో లింకు, ఛానల్ పేరు, దాని హ్యాండిల్ (@ గుర్తుతో ఉండే పేరు), చూసిన తేదీ, హింస ఏ నిమిషం ఏ సెకనులో ఉందో రాసుకోండి. రిపోర్ట్ కొట్టాక వీడియో మాయమైతే మళ్లీ దొరకదు, అందుకే ముందు ఇది. ఛానల్ పేజీ స్క్రీన్‌షాట్ చాలు.

2. యూట్యూబ్‌లో మూడు చుక్కలు నొక్కి, రిపోర్ట్‌లో హింసాత్మక కంటెంట్ కింద జంతుహింసను ఎంచుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కూడా ఇలాగే. మాటలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, జంతువుల పేరున్న వర్గం వెతకండి. చాలామంది "నాకు నచ్చలేదు" అనేది నొక్కి వదిలేస్తారు. దానివల్ల మీకు కనిపించడం తగ్గుతుందంతే, వీడియో అలాగే ఉంటుంది.

3. ఒక్క వీడియోతో ఆపకుండా ఛానల్‌ను కూడా రిపోర్ట్ చేయండి. వివరణ రాసే చోటు ఉంటే "1 నిమిషం 12 సెకన్ల దగ్గర మెడతాడుతో పైకి లేపారు" అన్నట్టు రాయండి. "ఇది క్రూరం" అని రాస్తే చూసేవాడికి ఏమీ తెలియదు.

4. రిపోర్ట్‌ను తిరస్కరిస్తే, మన దేశంలో ఆ సంస్థ పెట్టిన ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి.

5. వీడియో ముందు వచ్చిన ప్రకటన ఏ కంపెనీదో గుర్తుపెట్టుకుని ఆ కంపెనీకి లింకు పంపండి. తమ ప్రకటన ఎక్కడ పడుతోందో చాలా కంపెనీలకు తెలియదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట. 2019 నాటి పాక్ట్ చట్టం కింద జంతువులను చిత్రవధ చేయడం, ఆ వీడియోలు తయారుచేయడం, పంచడం ఫెడరల్ నేరాలు, ఏడేళ్ల దాకా శిక్ష. అలాంటిది ఎదురైతే ఎఫ్‌బీఐకి ఆన్‌లైన్‌లో తెలపవచ్చు.

వీడియో మన ఊళ్లదైతే దారి వేరు. బోనెట్ కోతి 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, గాయపరచడం అన్నీ ఆ చట్టం దృష్టిలో వేటే, శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. ఫిర్యాదు అటవీ రేంజ్ అధికారికి ఇవ్వాలి. రీసస్‌ను అదే సవరణ షెడ్యూళ్లలోంచి తీసేసింది, కాబట్టి దాని విషయంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మీద ఆధారపడాలి. కొట్టడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, వినోదం కోసం ఒక జంతువును ఇంకోదాని మీదికి ఉసిగొల్పడం 11వ సెక్షన్ కిందికి వస్తాయి. జరిమానా మొదటిసారి 10 నుంచి 50 రూపాయలే. అందుకే అవిటిగా చేసినా చంపినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కూడా పెట్టమని అడగాలి, దానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కోతులను ఆడించరాదని 1998లో వచ్చిన నోటిఫికేషన్‌ను చాలామంది ఎత్తి చూపుతారు. అది టికెట్టు పెట్టి చూపే ప్రదర్శనలను దృష్టిలో పెట్టుకున్న అధ్యాయం కింద వచ్చింది, రీల్‌కు అదొక్కటే ఆధారంగా పెడితే కేసు నిలబడటం కష్టం.

ఫిర్యాదు కాగితం ఇంత ఉంటే చాలు: "ఫలానా తేదీన ఫలానా హ్యాండిల్ నుంచి వచ్చిన వీడియోలో, ఇన్ని నిమిషాల దగ్గర, బోనెట్ కోతిపిల్లను గొలుసుతో కట్టి కొడుతున్నారు. వెనక ఫలానా ఊరి గుడి గోపురం కనిపిస్తోంది. లింకు, స్క్రీన్‌షాట్ జతచేశాను. జంతువును స్వాధీనం చేసుకుని పశువైద్యుడితో పరీక్ష చేయించగలరు." వెనకాల బోర్డు, బండి నంబరు, మాట్లాడే యాస, ఏది దొరికినా రాయండి. రసీదు తీసుకోండి. కొడుతుండగానే కళ్లారా చూస్తే 112కి ఫోన్ చేయండి. మీరే వెళ్లి కోతిని లాక్కోవద్దు, అది మిమ్మల్నే కరుస్తుంది.

మీరే ఘాట్ రోడ్డులోనో గుడి మెట్ల దగ్గరో కోతులను తీస్తుంటే, బిస్కెట్ ప్యాకెట్ చూపించి దగ్గరికి పిలవకండి. తిండి అలవాటైన కోతి వచ్చేపోయేవాళ్ల సంచులు లాక్కుంటుంది, బండ్ల కింద పడుతుంది, చివరికి ఊరు దాన్నే తిడుతుంది. కళ్లలోకి నేరుగా చూడకండి, పళ్లు కనిపించేలా నవ్వకండి, పిల్ల ఉన్న తల్లికి బాగా ఎడంగా ఉండి జూమ్ వాడండి. జలుబు, దగ్గు ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లొద్దు, మన జబ్బులు వాటికి అంటుతాయి. కరిచినా గీరినా సబ్బు, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. గాయాన్నిబట్టి ఇమ్యూనోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేస్తారు. పసుపు, సున్నం పెట్టి కట్టు కట్టొద్దు.

కరెంటు తీగ తగిలి తల్లి చనిపోయి, పిల్ల దాన్ని పట్టుకుని ఉన్న దృశ్యం మన ఊళ్లలో తరచూ కనబడుతుంది. ముందు విద్యుత్ సిబ్బందికి చెప్పి లైను ఆపించండి. గుంపు దగ్గర్లోనే ఉండి, పిల్ల గట్టిగా ఉంటే, మనుషులను దూరం జరిపి ఓ గంటైనా ఆగి చూడండి. గుంపులోని మరో ఆడకోతి వచ్చి ఎత్తుకుపోవచ్చు. రాకపోతే, గాలి ఆడే అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, మందపాటి బట్టతో పట్టి లోపల పెట్టి, చీకటిగా ఉండేలా పైన కప్పండి. పిల్ల చల్లబడి ఉంటే గోరువెచ్చటి నీళ్ల సీసాను బట్టలో చుట్టి పక్కన పెట్టండి. ఒళ్లు వేడెక్కకముందు నోట్లో ఏదీ పోయొద్దు, ఆవుపాలు అసలు వద్దు. అటవీ శాఖ వాళ్లు వచ్చేదాకా పెట్టె మూత తీయకుండా ఉంచండి.