ఫాస్టర్ బిడ్డ ఉన్న ఇంట్లో వరద సాయానికి అర్జీ ఎలా పెట్టాలి?

ఫాస్టర్ బిడ్డ అంటే, దత్తత కాకుండా, శిశు సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో మన ఇంట్లో పెరిగే వేరేవాళ్ల బిడ్డ. నీళ్లు తీయగానే చెన్నైలోని మా వేళచ్చేరిలో అందరూ ఇల్లు కడగడం మొదలుపెడతారు. ఆగండి. గోడ మీద నీటి గీత, తడిసిన బీరువా, బిడ్డ స్కూలు సంచి ఫోటోలు తీశాకే చీపురు పట్టుకోండి.

రేషన్ కార్డు, ఆధార్, పాస్‌బుక్, బిడ్డను మీకు అప్పగించిన శిశు సంక్షేమ కమిటీ ఉత్తర్వు. జిరాక్సులు మూడు సెట్లు. రెండు చాలవు.

ఇంటికిచ్చే సాయం సులువే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత కార్డుకు 6,000 రూపాయలు రేషన్ షాపులోనే చేతికిచ్చారు. ఇంట్లో ఎందరున్నా అంతే. బిడ్డ పేరు కార్డులో లేదని ఆ క్యూలో గొడవపడి లాభం లేదు.

బిడ్డ కోసం విడిగా అర్జీ పెట్టేటప్పుడే అందరూ బోల్తా పడతారు. 'సంబంధం' అన్నచోట 'కూతురు' అని రాసేస్తారు. ప్రేమ కొద్దీ నేనూ ఒకసారి అలాగే రాశాను. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు వేరే ఉన్నాయని ఫైలు వెనక్కొచ్చింది, నా మీదే అనుమానపడ్డారు. ఫాస్టర్ కేర్ దత్తత కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో రెండూ వేర్వేరు. 'అన్న కూతురు' అని సర్దేయడం ఇంకా పెద్ద తప్పు. 'కమిటీ ఉత్తర్వు ప్రకారం ఫాస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డ' అని రాసి, పక్కనే ఉత్తర్వు నంబరు, తేదీ వేయండి. చాలు, కథంతా అక్కర్లేదు.

బిడ్డ కన్నవాళ్లు ఆ వరదలోనే పోయి ఉంటే మరీ జాగ్రత్త. ఆ పరిహారంలో బిడ్డకు వచ్చేది బిడ్డదే. మీ ఖాతా నంబరు ఇవ్వకండి. సంతకం పెట్టేముందు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు వెళ్లండి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డ పోషణకు నెలనెలా ఇచ్చే 4,000 రూపాయలు వేరే లెక్క, అర్జీలో దాన్ని కలపొద్దు.

'వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరైనా సాయం చేస్తారుగా అక్కా' అంటారు. వద్దు. బిడ్డ ఎవరో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఇల్లు మునిగి ఇంకో ఊళ్లో చుట్టాలింటికి వెళ్తున్నా ముందు యూనిట్‌కు చెప్పాలి. ఫోన్ కలవకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

రసీదు లేకుండా కౌంటర్ వదలకండి. నెల దాటినా కదలకపోతే ఆ రసీదుతో సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజుకు పొద్దున్నే వెళ్లండి.