కాగితంపై ఆకు ముద్ర నల్లగా దిగాలంటే

ఎంత నొక్కినా ఆకు ముద్ర లేత మరకలాగే మిగులుతోందా? తుప్పు నీళ్లు వాడి చూడండి.

గాజు సీసాలో గుప్పెడు తుప్పు మేకులు వేసి, మునిగేలా వెనిగర్, నీళ్లు సమంగా పోయండి. మూత వదులుగా పెట్టి వారం ఉంచండి (గ్యాస్ వస్తుంది, బిగించొద్దు). ఆ నీళ్లు ఒక చెంచా తీసి కప్పు నీళ్లలో కలిపి ఆకుల్ని ముంచండి. మందపాటి వాటర్‌కలర్ కాగితాన్ని చిక్కటి టీ డికాషన్‌లో 10 నిమిషాలు నాననిచ్చి, మడత మధ్య ఆకులు పరిచి, రెండు పలకల మధ్య బిగించి కట్టి, వంటకు వాడని గిన్నెలో గంట ఆవిరి పట్టండి. చల్లారాకే విప్పండి. టీలోని టానిన్ (వగరునిచ్చే పదార్థం), తుప్పు నీళ్లలోని ఇనుము కలిసి ఈనెలు కూడా నల్లగా తేలతాయి, ఎంత బాగుంటాయో!

తుప్పు నీళ్లు ఎక్కువైతే మాత్రం కాగితమంతా నల్లబడుతుంది, కొన్నాళ్లకు పెళుసై విరుగుతుంది.