తగ్గని నీరసానికి సప్లిమెంట్లు వాడి చూడదలచినవారు పాటించవలసిన పద్ధతి

నెలల తరబడి వదలని నీరసం, రాత్రంతా నిద్రపోయినా తీరని బడలిక, చదివిన పేరానే మళ్లీ చదివితే తప్ప తలకెక్కని మందకొడితనం ఉన్నవారికి కోనసీమలోనైనా భీమవరం వైపైనా మొదట అందేది సెలైన్ బాటిలు, బలం ఇంజక్షను. వాటితో ఫలితం లేనప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే క్యాప్సూళ్లు. వాటిని ఎలాగూ వాడి చూద్దామనుకునేవారు ఒంటికి హాని జరగకుండా, అవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో తేలేలా ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

సీసా మూత తీయకముందే రక్తపరీక్షలు పూర్తికావాలి. తడిమట్టిలో చెప్పుల్లేకుండా పనిచేసేవారికి కొంకిపురుగులు పట్టి రక్తహీనత రావచ్చు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గవచ్చు. థైరాయిడ్ లోపం, క్షయ, కిడ్నీ జబ్బు, కుంగుబాటు, గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగిపోవడం కూడా ఇదే నీరసంగా కనిపిస్తాయి, వీటన్నిటికీ వైద్యం ఉంది. అందుచేత హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్షలు, బి12, విటమిన్ డి చూపించుకోవాలి. మాత్రలు ముందు మింగి పరీక్ష తరువాత చేయించుకుంటే బి12 లోపం మరుగున పడిపోతుంది. జుట్టు కోసం అమ్మే బయోటిన్ థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేయగలదు కనుక, దాన్ని వాడుతున్నట్టయితే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పి, ఎన్నాళ్లు ఆపాలో అడగాలి.

ఈ పరీక్షల్లో కారణమేదీ దొరకక, నీరసం 6 నెలలు దాటి, కాస్త శ్రమ పడిన మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టేంతగా ముదురుతుంటే, దీర్ఘకాలిక అలసట వ్యాధి గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఈ వ్యాధిలో మెదడులో స్వల్ప స్థాయి వాపు ఉంటుందేమోనని పరిశోధకులు అనుమానిస్తున్నారు. 2014లో జపాన్‌లో కొద్దిమంది రోగులకు పెట్ స్కాన్ తీసి ఆ సూచనలు కనిపించాయన్నారు కానీ, విషయం ఇంకా తేలలేదు. మామూలు రక్తపరీక్షలో ఆ వాపు కనిపించదు కనుక, తమ క్యాప్సూలు దాన్ని తగ్గించిందని ఎవరు చెప్పినా రుజువు అడగాలి. జ్వరంతో మతి తప్పడం, మూర్ఛలు, మెడ బిగుసుకుపోవడం ఉన్న మెదడువాపు వ్యాధి ఇది కాదు. ఆ లక్షణాలు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

పరీక్షకు నిలిచిన సప్లిమెంట్లు చాలా తక్కువ. స్పెయిన్‌లో రోజుకు 200 మి.గ్రా. కోఎంజైమ్ క్యూ10, 20 మి.గ్రా. ఎన్‌ఏడీహెచ్ (రెండూ కణాలు శక్తిని తయారుచేసుకోవడానికి తోడ్పడే పదార్థాలు) కలిపి 8 వారాలు ఇచ్చిన చిన్న పరీక్షలో అలసట కొంత తగ్గినట్టు 2015లో ప్రచురించారు. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. పట్టడం కోసం మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్ల వల్ల కొందరికి లివరు దెబ్బతింది, కూరలో వేసే పసుపుతో ఆ భయం లేదు. ఈ వ్యాధిని నయం చేస్తాయని ఏ మందునూ, ఏ సప్లిమెంటునూ ఇవ్వరాదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. వాడదలచినవారు ఆ మాట తెలిసే వాడాలి.

పద్ధతిలో ప్రాణమంతా ఒక్కసారికి ఒక్కటే వాడడంలో ఉంది. ఈ నీరసం తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక మూడు నాలుగు కలిపి మింగితే, మేలు దేనివల్ల జరిగిందో, దద్దుర్లు దేనివల్ల వచ్చాయో ఎన్నటికీ తెలియదు. ముందు రెండు వారాలు ఏమీ మొదలుపెట్టకుండా రోజూ రాత్రి ఒకే వేళకు నోటుపుస్తకంలో నీరసానికి 10కి ఎన్ని మార్కులో, పగలు ఎన్ని గంటలు పడుకోకుండా ఉండగలిగారో, పేపరు ఎంతసేపు చదవగలిగారో రాయాలి. సంతకో గుడికో వెళ్లిన రోజును గుర్తుపెట్టి తరువాతి రెండు రోజుల పరిస్థితి కూడా రాయాలి. దాళ్వా కోతలప్పుడు, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, మే నెల ఉక్కపోతలో మొదలుపెట్టవద్దు; పనీ ఎండా మారితే మార్కులూ మారతాయి. కాస్త ఓపిక వచ్చిందనిపించగానే మిగిలిపోయిన పనులన్నీ నెత్తిన వేసుకుని కుప్పకూలడం చాలామందికి జరుగుతుంది, అందుకే ఆ రెండు వారాల తరువాత ఒక్క సప్లిమెంటు మొదలుపెట్టి, రాస్తూనే వాడే 8 వారాలూ పని పెంచకూడదు. ఆ తరువాత రెండు వారాలు ఆపి చూడాలి. ఆపినా తేడా లేకపోతే దాన్ని మళ్లీ కొనవలసిన పని లేదు.

సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, ఒక్కో మోతాదులో ఏది ఎంత ఉందో స్పష్టంగా ఉండాలి. మన తేమకు క్యాప్సూళ్లు అంటుకుపోతాయి, మూత బిగించి పొడిచోట ఉంచాలి.

విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికొకటి రాస్తారు. పొరపాటున రోజూ వాడితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే కాళ్ల నరాలు దెబ్బతింటాయి. వార్‌ఫరిన్ వంటి రక్తం పల్చబడే మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు, లివరు జబ్బున్నవారు డాక్టరు ఒప్పుకోకుండా వీటిలో దేన్నీ ముట్టుకోరాదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పుట్టినా, వాంతులతోపాటు విపరీతమైన దాహం వేసినా, పాదాలు తిమ్మిరెక్కినా ఆ రోజే మానేసి, వాడిన సీసాలన్నీ, నోటుపుస్తకంతో సహా, సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి.