స్ట్రోక్ రీసెర్చ్ డేటా నేర్చుకుందాం - 3వ పాఠం: "ఎప్పుడు వచ్చింది?" అని అడగకండి

ముందు పోయిన పాఠం హోంవర్క్ చూద్దాం. "పొగ తాగుతారా" అనే కాలమ్‌ను ఐదుగురు పేషెంట్లకు నింపి చూడమన్నాను కదా. నింపినవాళ్లకు ఇబ్బంది ఎక్కడుందో తెలిసే ఉంటుంది. అవును, కాదు అని రెండే గళ్లుంటే పోయిన ఏడాది మానేసిన మనిషిని ఎందులో వెయ్యాలో తెలియదు. చుట్ట కాల్చే పెద్దాయన్ని రోజుకు ఎన్ని సిగరెట్లు అని అడిగితే "సిగరెట్ ముట్టనమ్మా" అంటాడు, ఆయన చెప్పింది నిజమే, కానీ మన ఫారంలో ఆయన పొగ తాగనివాడిగా మిగిలిపోతాడు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లనైతే చాలాచోట్ల అసలు అడగనే అడగరు. కాలమ్ పేరు అందరికీ ఒకటే ఉంటే సరిపోదు, ఆ పేరుకి అర్థం ఏమిటో, ఏ మాటల్లో అడగాలో కూడా ఒకటే ఉండాలి. అమెరికాలో నరాల జబ్బులు, స్ట్రోక్ మీద పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఎన్‌డీఎస్ స్ట్రోక్ కోసం కామన్ డేటా ఎలిమెంట్స్ (అన్ని స్టడీలూ ఒకే అర్థంతో నింపే కాలమ్‌లు) తయారు చేయించింది అందుకే.

ఈ పాఠంలో ఒక్క కాలమ్ గురించే మాట్లాడుకుందాం, టైమ్. నా దృష్టిలో స్ట్రోక్ ఫారం మొత్తంలో ఎక్కువగా తప్పు పడేది ఇదే.

ఒక కేసు తీసుకుందాం. ఉదయం 7:30కి 62 ఏళ్ల ఆవిడను క్యాజువాలిటీకి తెచ్చారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట రావడం లేదు. మీరు కొడుకుని "ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు. "పొద్దున 6కి మేడమ్" అన్నాడు. రాసేశారు. ఇంకొంచెం అడిగితే తెలిసేదేంటంటే, 6 గంటలకి కాఫీకి లేపబోతే ఆవిడ లేవలేదు, అంటే 6 వాళ్లు చూసిన టైమ్, జబ్బు వచ్చిన టైమ్ కాదు. మరి బాగున్నది ఎప్పుడు? "రాత్రి 10కి పడుకుంది." సరే, అక్కడా ఆగొద్దు. మధ్యలో ఎవరైనా చూశారా అని అడగండి. అప్పుడు మూలన నిలబడ్డ భర్త మెల్లగా చెప్తాడు, తెల్లారగట్ల మూడున్నరకి బాత్రూమ్‌కి లేచింది, లైటు తనే వేసుకుంది, మంచినీళ్లు కావాలా అని నన్ను అడిగింది అని.

ఒకే మనిషి, మూడు టైములు. 6 అని రాస్తే హాస్పిటల్‌కి వచ్చేసరికి గంటన్నర అయినట్టు, 10 అని రాస్తే తొమ్మిదిన్నర గంటలు, 3:30 అని రాస్తే 4 గంటలు. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి మామూలుగా చూసే గడువు నాలుగున్నర గంటలు. కాబట్టి ఇది రీసెర్చ్ కాగితం గొడవ మాత్రమే కాదు, ఆ భర్తను అడగకపోతే ఆవిడకు వైద్యమే మారిపోవచ్చు. (నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి ఎంఆర్ఐ చూసి నిర్ణయించే పద్ధతి కూడా ఉంది, అది మరో పాఠంలో.)

మనం రాయాల్సింది 03:30. దీన్ని చివరిసారి బాగున్నట్టు తెలిసిన టైమ్ అంటాం. 6:00ని పారెయ్యొద్దు, లక్షణాలు మొదట గమనించిన టైమ్ అని దానికి వేరే కాలమ్ ఉంటుంది. రెండూ నింపండి. ఒకటే కాలమ్ ఉన్న ఫారం మీ చేతికొస్తే స్టడీ మొదలవ్వకముందే మార్పించండి, తర్వాత మార్చడం చాలా కష్టం.

అడిగే మాటలు కూడా చెప్తాను, ఇవే వాడండి. "అమ్మ చివరిసారి మామూలుగా మాట్లాడింది, నడిచింది ఎవరు చూశారు? అప్పుడు టైమెంత?" గుర్తు లేదంటే ఫోన్ తియ్యమనండి. కాల్ లిస్టులో నిమిషాలతో సహా ఉంటుంది. ఆ రాత్రి కూతురితో మాట్లాడి ఉంటే, ఫోన్లో మాట తేడాగా ఉందా లేదా అని ఆ కూతురినే అడగండి. పాలు పోయించుకున్నప్పుడు బాగుందా, గుడి మైకు వేసేసరికి లేచిందా, ఏ సీరియల్ దాకా చూసింది, ఇలా పట్టుకుంటే టైమ్ దొరుకుతుంది. అలా దొరికినదాన్ని సుమారు అని గుర్తు పెట్టండి, కచ్చితం అని కాదు.

ఇక తేదీ. మన ఇళ్లల్లో తెల్లారే దాకా "నిన్న రాత్రి" అనే అంటారు. "నిన్న రాత్రి ఒంటిగంటకి" అంటే క్యాలెండర్ ప్రకారం అది ఈరోజు. ఇక్కడ పొరపాటు పడితే 24 గంటలు తేడా వచ్చేస్తుంది, కంప్యూటర్‌కి అది తప్పని తెలిసే దారి ఉండదు. 24 గంటల లెక్కలోనే రాయండి, రాత్రి పన్నెండున్నర అంటే 00:30. నెలను అక్షరాల్లో రాయండి, ఎందుకంటే 03/04 మనకి ఏప్రిల్ 3, అమెరికావాళ్లకి మార్చి 4.

నేను మొదట్లో పనిచేసిన ఒక చోట టైములన్నీ గ్రాఫ్ గీసి చూస్తే సరిగ్గా 6:00 దగ్గర స్తంభంలా లేచింది. అంతమందికి సరిగ్గా ఆరింటికే పక్షవాతం ఎలా వస్తుంది? తెలియనప్పుడల్లా 6 వేశారు, అందులో నేను రాసినవీ ఉన్నాయి. కేస్ షీట్లు తీసి సరిచేద్దామని కూర్చున్నాం కానీ అడగని మాట కేస్ షీట్‌లో ఎక్కడుంటుంది? ఆ పేషెంట్లందరినీ టైమ్ విశ్లేషణ నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే తెలియకపోతే తెలియదని రాయండి. కానీ ఖాళీ వదిలెయ్యొద్దు. అడిగాం, వాళ్లకి తెలియదు అనేది వేరు, మనం అడగలేదు అనేది వేరు, ఈ పేషెంట్‌కి వర్తించదు అనేది ఇంకా వేరు. మూడింటికీ మూడు కోడ్‌లు పెట్టుకోండి. 99ని తెలియదు అనే కోడ్‌గా వయసు కాలమ్‌లో పెట్టకండి, 99 ఏళ్ల తాతగారు నిజంగానే రావచ్చు. స్ట్రోక్ ఎంత తీవ్రంగా ఉందో మార్కులు వేసే ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేల్‌లోనూ ఇంతే, 0 అంటే పరీక్షించాం, బాగుంది అని. కాలు తీసేసిన మనిషికి ఆ కాలు దగ్గర 0 వెయ్యకూడదు, పరీక్షించలేం అని రాసి కారణం రాయాలి.

ఇంత పట్టుబట్టడం దేనికంటే, 2004లో ఆ ఇంజక్షన్ మీద జరిగిన ఆరు ట్రయల్స్‌లోని 2,775 మంది డేటాను కలిపి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇంజక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు అని గట్టిగా చూపించిన పేపర్లలో అదొకటి. వేర్వేరు ట్రయల్స్‌ని అలా ఒకచోట పేర్చగలిగారంటే అందరి దగ్గరా స్ట్రోక్ మొదలైన టైమ్, మందు పడిన టైమ్, 3 నెలల తర్వాత పరిస్థితి పోల్చుకునేలా ఉండబట్టే. రాత్రి డ్యూటీలో ఎవరో ఒకరు ఓపిగ్గా అడిగి రాసినవే అవన్నీ.

ఈసారి హోంవర్క్. 70 ఏళ్ల రైతు, ఒక్కడే ఉంటాడు. రాత్రి 9:10కి కొడుకుతో ఫోన్లో బాగానే మాట్లాడాడు. తెల్లవారుజామున 4:40కి మోటారు వేశాడని పక్క పొలం ఆయన అంటున్నాడు, మోటారు శబ్దం విన్నాడు కానీ మనిషిని చూడలేదు. 7:15కి గట్టు మీద పడి ఉన్నాడు, నోరు వంకర పోయింది. ఆ మోటారు ఆటోమేటిక్ స్టార్టర్‌ది. రెండు టైమ్ కాలమ్‌లూ నింపండి, ఏది కచ్చితం, ఏది సుమారు, మోటారు సంగతి ఎందుకు లెక్కలోకి తీసుకున్నారు లేదా తీసుకోలేదు అనేది ఒక వాక్యంలో రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో ఉంటుంది. ఆ పాఠం 90వ రోజు ఫోన్ చేసి ర్యాంకిన్ స్కోరు (స్ట్రోక్ తర్వాత మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చెప్పే స్కోరు) ఎలా అడగాలో.